లెక్కల క్లాసులో పిల్లల్ని మాట్లాడనివ్వండి

ఇంజనీరింగ్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చినప్పుడల్లా ఇదే గోల, ఎం-1లో, అంటే మొదటి లెక్కల పేపర్లో, బోలెడు మంది పోయారని, పిల్లలకి బేసిక్స్ లేవని, ఫోన్లు పాడుచేశాయని. పాఠం చెప్పే పద్ధతి గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. సార్ బోర్డు నింపుతారు, పిల్లలు నోట్సులోకి దింపుకుంటారు, పరీక్ష ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ బట్టీ కొడతారు. ఇందులో లెక్కలు నేర్చుకోవడం ఎక్కడుందో నాకైతే కనపడట్లేదు.

బోర్డు మీద 1 + 1/2 + 1/3 + 1/4 + ... అని ఆగకుండా సాగే వరస రాసి, పదాలు సున్నాకి దగ్గరవుతున్నాయి కదా, మరి మొత్తం ఎక్కడైనా ఆగుతుందా అని అడిగి చేతులెత్తించండి. ఆగుతుందనే వాళ్లే ఎక్కువుంటారు. తప్పని చెప్పెయ్యకుండా, పక్కవాళ్లని ఒప్పించండి చూద్దాం అని ఓ ఐదు నిమిషాలు వదిలెయ్యండి. అవసరమైతే 1/3, 1/4 కలిపి చూడమని ఒక్క మాట అందించండి చాలు. అది అర దాటుతుంది, తర్వాతి నాలుగు పదాలు కలిపినా అర దాటుతుంది, ఆ తర్వాతి ఎనిమిదీ అంతే, ఇలా అరలు వస్తూనే ఉంటే ఇంక ఆగేదెక్కడ! ఇది తనే పట్టుకున్న పిల్ల జన్మలో మర్చిపోదు.

ఇదేదో నా ముచ్చట కాదు. 2014లో అమెరికాలో సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల క్లాసుల మీద 225 అధ్యయనాల్ని కలిపి చూస్తే, ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు దాదాపు 34 శాతం, పిల్లలతో పని చేయించిన క్లాసుల్లో 22 శాతం. అంతకు చాలా ముందే, 1970ల చివర్లో అక్కడే బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కలాయన గమనించాడు, కాల్క్యులస్‌లో వెనకబడిన నల్లజాతి విద్యార్థులు బాగానే కష్టపడుతున్నారు కానీ ఒంటరిగా చదువుకుంటున్నారు, చైనా మూలాల పిల్లలేమో కలిసి కూర్చుని వాదించుకుంటున్నారు. ఆయన స్పెషల్ క్లాసులని పెట్టి తేలిక లెక్కలివ్వలేదు, ఇంకా కష్టమైనవిచ్చి గుంపుగా చేయమన్నాడు, ఫలితాలు మారిపోయాయి.

సిలబస్ అవ్వదు, అరవై మందితో ఇవన్నీ కుదరవు అంటారు. సిలబస్ ఇప్పుడు మాత్రం ఎక్కడ అవుతోంది, నోట్సులో అవుతోంది, అంతే. మన దేశంలోనే లెక్కల ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) సమ్మర్ క్యాంపులు పిల్లల్ని ప్రశ్నలడుగుతూ, వాళ్ల నోటితోనే ప్రూఫ్ చెప్పిస్తూ నడిచినవే. ఆయన మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా పాఠాలు చెప్పారు. సెలవుల్లో కుదిరింది సెమిస్టర్లో ఎందుకు కుదరదు?

అసలు అడ్డం వేరే ఉంది. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద 2019లో వచ్చిన ఒక స్టడీలో, చర్చల క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు, ఎందుకంటే బుర్రకి పని పడింది కాబట్టి. ఇప్పుడు మన కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్ని ఊహించుకోండి. పిల్లలు ఫీడ్‌బ్యాక్ ఫారంలో సార్ ఏమీ చెప్పట్లేదు, మమ్మల్నే చెయ్యమంటున్నారు అని రాస్తే వచ్చే ఏడు రెన్యువల్ ఉంటుందో ఉండదో, అలాంటి మనిషి కొత్త పద్ధతి జోలికి ఎందుకెళ్తాడు, హాయిగా బోర్డు నింపి వెళ్లిపోతాడు! యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ పోస్టులు నింపకుండా గెస్టులతో, కాంట్రాక్టులతో నెట్టుకొస్తూ, టీచింగ్ మారాలని వర్క్‌షాపులు పెడితే ఏం లాభం? ముందు పోస్టులు నింపండి, ఎం-1కి టైంటేబుల్లో ట్యుటోరియల్ అవర్లు పెట్టండి, కొత్తగా చెప్పి చూసే సార్ మీద మొదటి ఏడాది ఫీడ్‌బ్యాక్ కత్తి పెట్టకండి.