విస్తరి ముందు నుంచి లేవని పండు ఈగమ్మకు

నార్పల మండలం,
అనంతపురం జిల్లా

అమ్మా పండు ఈగా,

క్షేమమేనా అని అడగను. నీ క్షేమం మా తోటలో రాలిన కాయల్ని చూస్తేనే తెలుస్తోంది.

శనక్కాయ వేసి వేసి అప్పులపాలైన జిల్లా మాది. ఒక్క పంటనే నమ్ముకోవద్దు, పండ్లతోటలు పెట్టమన్నారు. పెట్టాం. చీని (బత్తాయి), మామిడి, జామ, సపోటా, కర్బూజ. డ్రిప్పు పైపులు పరిచాం. ఆంధ్రాకు పండ్లబుట్ట మీ జిల్లానే అంటే మురిసిపోయాం. ఆ బుట్ట ఎవరి కోసం సర్దుతున్నామో ఎవరూ చెప్పలేదు.

మే, జూన్‌లో నీకు మామిడి పంక్తి. బేనీషా పక్వానికి వచ్చేదాకా ఓపిగ్గా కాచుకుని, మేం కోతకు మనుషుల్ని పిలిచేలోపు కాయలో గుడ్లు పెట్టి నీ పని కానిచ్చేస్తావు. మామిడి అయిపోతే జామ. వానాకాలం జామతోట నీకు పుట్టిల్లే. అదీ లేకపోతే సపోటా. చీని తొక్కలోని నూనె నీ పిల్లలకు పడదంటారు గానీ, కాయ చెట్టు మీదే బాగా మాగితే అక్కడా మొహమాటపడవు. నీ చేతికి చిక్కనిది ఒక్క అరటి. అదీ మేం పచ్చిగెల కొట్టి లారీ ఎక్కించేస్తాం కాబట్టి.

మీరంతా ఒకే ఇంటివాళ్లని చాలాకాలం అనుకున్నాను. కాదట. కర్బూజ, కాకర, బీర, దోస మీద వాలేది మీ పెద్దమ్మ కూతురు. రేగుపండుకు ఇంకో శాఖ ఉంది, దానికి రేగు తప్ప మరొకటి రుచించదు. ఈ చుట్టరికాలు తెలియకే పోయిన వేసవిలో నవ్వులపాలయ్యాను. అంగట్లో 'పండు ఈగకు బుట్టలు' అని అడిగితే, మిథైల్ యూజినాల్ అనే వాసన మందు ఎరగా పెట్టిన ఉచ్చుబుట్టలు ఇచ్చారు. తెచ్చి కర్బూజలో కట్టాను. మూడో రోజుకు బుట్టలో పిడికెడు ఈగలు! మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. తీరా చూస్తే అవి పక్కాయన మామిడితోట నుంచి వాసన పట్టుకుని వచ్చిన మగ ఈగలు. కర్బూజ ఈగకు క్యూ లూర్ అని వేరే ఎర ఉందట. నా డబ్బుతో పక్కాయన తోటకు కాపలా కాశానన్నమాట. పోనీ, గుడ్లు పెట్టే నువ్వైనా పడ్డావా? నీకు ఆ వాసనతో పనే లేదాయె.

ఆ వేసవిలోనే మా వియ్యంకుడు వచ్చాడు. గంపలోంచి మంచి రంగున్న బేనీషా తీశాను. తొక్క మీద సూదిమొనంత మచ్చ, దాని మీద ఎండిన జిగురు బొట్టు. బొటనవేలు పెడితే మెత్తగా దిగింది. అప్పుడే పక్కన పడేయాల్సింది. కత్తి దించగానే, గోధుమరంగుకు తిరిగిన గుజ్జులోంచి తెల్లటి పురుగొకటి విల్లులా వంగి, ఎగిరి ఆయన ప్లేటు అంచున పడింది.

"బావా, మీ మామిడి ఎగురుతా ఉందే!" అన్నాడు.

పరువు పోయింది నా ఒక్కడిదే కాదులే. 2014 మేలో యూరప్ మన మామిడినే వద్దంది. సరుకులో మీ వంశం కనబడిందని. కాకర, పొట్లకూ అదే గతి. 2015 జనవరిలో మామిడికి మళ్లీ తలుపు తీశారు. జపాన్ వెళ్లాలంటే లోపల నీ పిల్లలు చచ్చేలా కాయకు ఆవిరి పట్టాలి. 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ముంచే పద్ధతి కూడా ఉంది. మా ఊళ్లో పెళ్లికొడుక్కి కూడా ఇంత స్నానం చేయించరు.

నిజం చెప్పాలంటే, రాలిన కాయల్ని గట్టు మీదికి విసిరింది నేనే. నీ పిల్లలు వాటిలోంచి దిగి, నాలుగు వేళ్ల లోతు మట్టిలో ప్యూపాలుగా పడుకుని, రెక్కలొచ్చాక లేస్తాయి. కాయలు ఏరి రెండడుగుల గుంతలో పూడ్చమన్నారు. కోతయ్యాక దున్ని, ఆ ప్యూపాలను ఎండకూ కాకులకూ అప్పజెప్పమన్నారు. విన్నాను. కూలి లెక్కేసుకున్నాను. గుంతకన్నా గట్టే దగ్గరనిపించింది.

ఈ ఏడు మాత్రం గుంత తవ్వాను. ఒక్క కాయ మిగల్చకుండా పూడ్చాను. నడుం పట్టుకుని లేచి చూస్తే, గట్టుకు అవతల పక్కాయన మామిడికాయల కుప్ప పోస్తున్నాడు. ఇదేందప్పా అని అడిగితే తాపీగా అన్నాడు:

"ఉండనీలే, నీ బుట్టలున్నాయి కదా!"

ఇట్లు,
నీ అన్నదాత