గడ్డి బీళ్లలో గుంతలు తవ్వకండి

వానాకాలం వచ్చిందంటే చాలు, మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఖాళీగా కనిపించిన ప్రతి మెరకలోనూ గుంతలు తవ్వడం మొదలవుతుంది. ఊళ్లో, రోడ్డు పక్కన, బడి ఆవరణలో మొక్కలు నాటితే మాకూ సంతోషమే. కానీ గడ్డి బీళ్లలో, ముళ్ల పొదల మధ్య చెట్లు నాటడం ప్రకృతిని బాగుచేయడం కాదు, చెడగొట్టడమే.

రోళ్లపాడునే చూడండి. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. ఆ పక్షి నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ మామూలుగా ఏడాదికి ఒక్కటే. దానికి కనుచూపు మేర తెరిపి గడ్డి కావాలి, చుట్టూ మెట్ట పైర్లు కావాలి. అభయారణ్యం లోపల గడ్డి మిగిలింది గానీ బయట బీళ్లు దున్నేశారు, నీళ్లొచ్చి పైర్లు మారాయి, పక్షి కనపడకుండా పోయింది. కృష్ణ జింకలు మాత్రం పెరిగి పొలాల మీద పడుతున్నాయి. ఆ రైతులకు పరిహారం సకాలంలో అందకపోతే ఏ ఊరూ అభయారణ్యాన్ని తనది అనుకోదు. దేశం మొత్తం మీద బట్టమేకలు సుమారు 150 మాత్రమే మిగిలాయని అంచనా. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు సరే, రేపు వాటిని ఇక్కడ వదలాలంటే గడ్డి ఎక్కడుంది?

కడప కలివి కోడిదీ ఇలాంటి కథే. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పక్షి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది, అదీ పిట్టలు పట్టడం తెలిసిన ఒక స్థానికుడి వల్ల. దాని కోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. అది దట్టమైన అడవిలో ఉండదు, పొదల మధ్య తెరిపి నేల కావాలి. పొదలు నరికేసినా, మేకలు మరీ ఎక్కువ మేసినా ఉండలేదు, అసలు మేపే లేక పొదలు కమ్ముకున్నా ఉండలేదు.

అందుకే మన దగ్గర పునరుద్ధరణ అంటే సర్కారు తుమ్మ పీకేయడం, గడ్డి విత్తనం నేల రాలే దాకా మేపు ఆపి తర్వాత మందల్ని వదలడం, పక్షులు తిరిగే చోట కరెంటు తీగల్ని భూమిలో వేయడం. రికార్డుల్లో బంజరు అని రాసినంత మాత్రాన అది ఎవరికీ పనికిరాని నేల కాదు. తోడేలు, గుంటనక్క, ఉడుము, కౌజు అక్కడే బతుకుతాయి, గొర్రెల మందలూ అక్కడే మేస్తాయి. పాడైన ప్రకృతిలో కనీసం 30 శాతాన్ని 2030 నాటికి బాగుచేసే పనిలో పెట్టాలని 2022లో ప్రపంచ దేశాలు మాంట్రియల్‌లో ఒప్పుకున్నాయి. మన అధికారులు దాన్ని మొక్కల లెక్కతో పూర్తి చేసేస్తారేమోనన్నదే మా టెన్షన్.

నాటే కార్యక్రమానికి ముందే కలెక్టర్లు గడ్డి బీళ్ల జాబితా తయారుచేయించి, ఆ సర్వే నంబర్లలో గుంతలు తవ్వొద్దని ఉత్తర్వులివ్వాలి. జాబితా రాసేటప్పుడు గొర్రెల కాపరుల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ బీడులో ఏ నెలలో గడ్డి లేస్తుందో ఆఫీసుల్లో కూర్చునే వాళ్లకంటే వాళ్లకే బాగా తెలుసు.