దొరగారూ, ముందు పంచాంగం కొనండి

మా ఆఫీసుకి ఈమధ్య విదేశం నుంచి ఒక పెద్దమనిషి దిగారు. హైదరాబాద్‌లో మూడొందల మందిని తీసుకోవాలట, దానికంటే ముందు ఈ దేశపు లేబర్ మార్కెట్టూ ఆర్థిక వ్యవస్థా అర్థం చేసుకోవాలట, అదంతా శుక్రవారం సాయంత్రం లోపల అయిపోవాలట. వెంట పన్నెండు స్లైడ్లు తెచ్చుకున్నారు. మొదటి దాంట్లో తాజ్‌మహల్. రెండో దాంట్లో 140 కోట్ల జనాభా. మూడో దాంట్లో నిరుద్యోగం 3.2 శాతం. నాలుగో దాంట్లో ఏమీ లేదు, పైకి పోతున్న ఒక బాణం గుర్తు తప్ప. పదిహేనేళ్లుగా ఇదే ఊళ్లో జనాన్ని ఉద్యోగాల్లోకి లాగే ఉద్యోగం చేస్తున్న నాకు ఆ బాణాన్ని చూస్తే జాలేసింది. అందుకని, ఎవరూ అడక్కపోయినా, ఇకమీదట రాబోయే దొరలందరి సౌకర్యార్థం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఫీజు లేదు.

ముందు ఆ 3.2 సంగతి. అది గాలి లెక్క కాదు, 2023-24కి కేంద్ర ప్రభుత్వం చేసిన శ్రామిక సర్వేలో తేలిందే. 2017-18లో 6 ఉండేది, ఆరేళ్లలో దాదాపు సగానికి దిగింది. అది చూసి దొరగారు "అయితే ఖాళీగా ఉన్నవాళ్లే దొరకరేమో" అని టెన్షన్ పడ్డారు. అక్కర్లేదండీ. మా అపార్ట్‌మెంట్ కింద ఒక కిరాణా కొట్టు ఉంది. కొట్టాయన కొడుకు 2021లో బీటెక్ పాసై అప్పట్నుంచీ గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మధ్యాహ్నం వాళ్ల నాన్న కునుకు తీసేటప్పుడు రెండు గంటలు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. జీతం ఉండదు, తిట్లు మాత్రం టైముకి పడతాయి. సర్వే ప్రకారం ఈ అబ్బాయి నిరుద్యోగి కాడు. ఇంటి వ్యాపారంలో సాయం చేసేవాళ్లకని ఒక గడి ఉంది, పైసా ముట్టకపోయినా అందులో పడితే పని ఉన్నట్టే. ఏడాది మొత్తంలో ముప్ఫై రోజులు ఏదో ఒకటి చేసినా చాలు. వారం లెక్కన చూసే ఇంకో పద్ధతిలో అయితే వారానికి ఒక్క గంట చాలు. వారానికి 70 గంటలు పనిచెయ్యమని 2023లో ఒక పెద్దాయన, 90 గంటలు చెయ్యమని 2025లో ఇంకో పెద్దాయన ఎందుకంత ఆవేశపడ్డారో నాకిప్పటికీ తెలీదు, గంటతో తేలిపోయేదానికి.

అదే సర్వేలో ఇంకో మాట ఉంది, అది ఏ స్లైడులోనూ కనపడలేదు. పనిచేస్తున్నవాళ్లలో 58.4 శాతం స్వయం ఉపాధి. నెల తిరిగేసరికి జీతం అందుకునేవాళ్లు 21.7 శాతం, అంటే అయిదుగురిలో ఒకరు. మిగతావాళ్లు రోజుకూలీలు. ఆడవాళ్ల సంగతికి ఆరో స్లైడు మొత్తం ఇచ్చారు, పైన 'మహిళా విప్లవం' అని పేరు కూడా పెట్టారు, ఎందుకంటే పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి అదే ఆరేళ్లలో 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగారు. పెరిగినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే, సొంత పొలాల్లోనూ సొంత పశువుల దగ్గరానూ ఉన్నారు. నలభై ఏళ్లుగా గేదెల పాలు పితుకుతున్న మా పెద్దమ్మ ఆ విప్లవంలో ఉందో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు అడగాలి.

సరే, నిజంగా ఎంతమందికి ఉద్యోగం కావాలో తెలియాలంటే శాతాలు పక్కనపెట్టి క్యూలు చూడండి. 2019లో రైల్వే వాళ్లు 35 వేల పైచిలుకు గుమాస్తా, గార్డు లాంటి పోస్టులు వేస్తే దాదాపు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు పడ్డాయి. ఐరోపాలో కొన్ని దేశాల మొత్తం జనాభా అంత ఉండదు. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగి రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ జరిగి మళ్లీ రద్దయింది, 2024 జూన్‌లో మూడోసారి పెట్టారు. మా కిరాణా అబ్బాయి మూడుసార్లూ రాశాడు. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా ఒక మనిషికి అదే ఇంటర్వ్యూ మూడుసార్లు పెట్టి రెండుసార్లు కొట్టేస్తే ముఖాన ఉమ్మేసి పోతాడు, కానీ సర్కారు మీద మాకంత కోపం రాదు. కాబట్టి దొరగారూ, మీకు పోటీ పక్క బిల్డింగులో కంపెనీ అనుకుంటున్నారు గానీ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల వైపు కూడా ఓ చూపు వెయ్యండి.

పక్క బిల్డింగుతో పోటీ ఎలా ఉంటుందో కూడా చెప్తాను. మీలాంటి విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు దేశంలో 1,700 దాటాయని, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారని ఆ పరిశ్రమ సంఘమే 2024లో చెప్పింది. 2025 సెప్టెంబరులో అమెరికా వాళ్లు కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక, మనిషిని అక్కడికి రప్పించుకునే బదులు పనినే ఇక్కడికి పంపుదామన్న ఆలోచన మీకొక్కరికే వచ్చిందనుకోకండి. అందరికీ కావాల్సింది మాత్రం అయిదారేళ్ల అనుభవం ఉన్న ఆ కొద్దిమందే. వాళ్లు రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడకి, అక్కణ్ణుంచి కోకాపేటకి వైకుంఠపాళి ఆడుతున్నారు, ప్రతి నిచ్చెనకీ ముప్ఫై శాతం హైక్. వాళ్లని తయారుచేసే ఖర్చు మాత్రం ఎవరూ పెట్టరు. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడికి ఏడాదికి మూడు లక్షల చిల్లర ఇచ్చేవాళ్లం. ఇప్పుడూ అంతే ఇస్తున్నాం. ఈ మధ్యలో మాదాపూర్‌లో హాస్టల్ రేటు ఎంత పెరిగిందో ఆ కుర్రాణ్ణే అడగండి.

ఇక నోటీస్ పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక కూడా పనిలో ఉండాల్సిన గడువు. మీ దేశంలో దాన్ని పని అప్పజెప్పి పోవడానికి ఇస్తారు. మా దగ్గర అది తొంభై రోజుల స్వయంవరం. మీరు 18 లక్షలకి ఆఫర్ ఇస్తారు, అభ్యర్థి దాన్ని చూపించి ఇంకోచోట 21 తెచ్చుకుంటాడు, ఆ 21 చూపించి 24 తెచ్చుకుంటాడు, ఎనభై తొమ్మిదో రోజున పాత మేనేజరే పిలిచి 25 ఇస్తానంటే అక్కడే ఉండిపోతాడు. పోయినేడు నేను తెచ్చిన ఒక టీమ్‌లో పదకొండు మంది చేరాలి, నలుగురు చేరారు. మిగతావాళ్ల ఫోన్లు ఒకేరోజు స్విచాఫ్ అయ్యాయి. దొరగారు దీన్ని నీతి లేకపోవడం అన్నారు. అవునండీ, కానీ ఆ తొంభై రోజులు పెట్టింది పిల్లలు కాదు. పోయేవాణ్ణి మూడు నెలలు కట్టేసి ఉంచి, వచ్చేవాణ్ణి 'వెంటనే చేరగలరా' అని అడిగే కంపెనీల్లో మాదీ ఒకటి. ఆ ప్రకటన నేనే రాశాను.

ప్యాకేజీ సంగతి కొంచెం సున్నితం. ఏడాదికి 12 లక్షలు అని మీరు లెటర్‌లో రాస్తారు, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ ఉంటుంది, బీమా ప్రీమియం ఉంటుంది, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ ఉంటుంది, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ పేరుతో బేసిక్ జీతంలో 4.81 శాతం కూడా ఉంటుంది. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ ఐదేళ్లు నిండితేగానీ రాదు, ఐదేళ్లు ఒకేచోట ఉండేవాణ్ణి నేను సెక్యూరిటీ గార్డుల్లో తప్ప చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి 29 పాత చట్టాల చోట నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఇకమీదట అలవెన్సుల మాయ మొత్తంలో సగం దాటితే, దాటినదంతా జీతం కిందే లెక్క. అయినా సరే 12 అనే అంకెని ముట్టుకోకండి. ఆ లెటర్ చదివేది అబ్బాయొక్కడే కాదు, పిల్లనిచ్చే మామగారు కూడా చదువుతారు. ఆయన చేతికెంతొస్తుందని అడగరు, ప్యాకేజీ ఎంతని అడుగుతారు.

చేరే తేదీ కూడా మీరు వెయ్యకండి. దొరగారు ఎంతో ఆలోచించి ఒక తారీఖు వేశారు. ఆ రోజు అమావాస్య. ఆ తర్వాత ఆషాఢం. మూడొందల రూపాయల పంచాంగం కొనుక్కుంటే తేలే విషయానికి మా వాళ్లు విదేశం నుంచి వచ్చిన ఒక పెద్ద కన్సల్టెన్సీకి డబ్బు కట్టారు, వాళ్ల రిపోర్టులో 'సాంస్కృతిక అంశాలు' కింద నమస్కారం ఎలా పెట్టాలో బొమ్మ ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆయన్ని మా ఇంటికి టీకి పిలిచాను. దిగేటప్పుడు వాటర్ బాటిల్ కోసం కింద కిరాణా కొట్లో ఆగాం. గల్లాపెట్టె దగ్గర ఆ అబ్బాయే ఉన్నాడు, ముందు పాలిటీ పుస్తకం. దొరగారితో చక్కగా ఇంగ్లీషులో మాట్లాడాడు, ఆయన ముచ్చటపడి మా కంపెనీలో చేరతావా అని అక్కడికక్కడే అడిగేశారు. అబ్బాయి జీతం అడగలేదు. నోటీస్ పీరియడ్ ఎంత అని నన్నడిగాడు. తొంభై రోజులన్నాను.

"బాగుంది సార్. నోటిఫికేషన్ పడ్డాక పరీక్షకి దాదాపు అంతే టైముంటుంది" అన్నాడు చిల్లర ఇస్తూ.