తేదీ లేని రికార్డు సగం రికార్డే

1938 జనవరి 16న వియన్నాలోని మూజిక్‌ఫెరైన్ భవనంలో బ్రూనో వాల్టర్ సారథ్యంలో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా స్వరకర్త గుస్తావ్ మాలర్ రాసిన తొమ్మిదో సింఫనీ వాయించింది. హెచ్‌ఎంవీ సంస్థ ఆ కచేరీని శ్రోతల సమక్షంలోనే రికార్డు చేసింది. డెబ్బై నిమిషాలకు దగ్గరగా ఉన్న సంగీతం 10 రికార్డులకు, అంటే 20 ముఖాలకు ఎక్కింది. రెండు నెలలు తిరగకుండానే నాజీ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. వాల్టర్ యూదులు. ఆ తరువాత పరాయి దేశాల్లోనే బతకాల్సి వచ్చింది. 1912లో ఈ సింఫనీని మొట్టమొదటిసారి లోకానికి వినిపించింది కూడా ఆయనే. 1938 కచేరీలో మొదటి వయొలిన్ స్థానంలో కూర్చున్న ఆర్నాల్డ్ రోజే మాలర్‌కు చెల్లెలి భర్త, అర్ధశతాబ్దానికి పైగా ఆ ఆర్కెస్ట్రాకు పెద్దదిక్కు. ఆయననూ వెళ్లగొట్టారు. లండన్ చేరి ప్రాణం దక్కించుకున్నారు. వయొలిన్ విద్వాంసురాలైన ఆయన కూతురు ఆల్మా 1944లో ఆష్‌విట్జ్ నాజీ నిర్బంధ శిబిరంలో మరణించింది.

ఇలాంటి పాత రికార్డింగును ఇప్పుడు ఫోనులో వెతికితే తరచుగా కనిపించేది సింఫనీ పేరు, పక్కన ఇటీవలి సంవత్సరం ఒకటి. అది డిజిటల్ ప్రతి విడుదలైన సంవత్సరం. వాయించిన సంవత్సరం కోసం వేరే చోట వెతుక్కోవాలి. ఇవేవీ తెలియకుండా విన్నవారికి శ్రోతల దగ్గులు, గరగర, అక్కడక్కడ తడబడే వాయిద్యాలు లోపాల్లాగే తోస్తాయి. రాబోయే ఆపద తెలిసి వాళ్లంతా అలా వాయించారని నేను అనను. ఎవరి మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ మాలర్ చేతికింద పనిచేసిన వాద్యకారులు కొందరు ఇంకా ఆ వేదిక మీదే ఉన్నారని, కొద్ది వారాల్లో ఆ బృందం చెల్లాచెదురైందని తెలిసి వినడానికీ, తెలియక వినడానికీ చాలా దూరం ఉంది.

అందుకే నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెబుతాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, ఒపేరాల పాత రికార్డింగులు పోగుచేసేవారు శబ్దంతోపాటు దాని చిరునామానూ పోగుచేయాలి. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ రోజున, ఎవరు రికార్డు చేశారు, మన దగ్గరున్నది ఎన్నో తరం ప్రతి? ఈ వివరాలు ఊడిపోయిన రికార్డు ఎంత అరుదైనదైనా, ఎంత ఖరీదైనదైనా సగం రికార్డే.

సేకరణకర్తల్లో ముద్రణ వివరాలను ప్రాణంగా చూసేవారు ఉన్నారు. ఎల్పీ రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే లేబులుకీ చివరి గాడికీ మధ్యనున్న నున్నటి భాగంలో చిన్న చిన్న అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వారి పాత ఎల్పీల్లో లేబులుకు ఒక పక్కన ఉండే అక్షరాలకు ఒక సంకేతం ఉంది. జి అంటే 1, ఆర్ అంటే 2, ఎ అంటే 3, ఎం అంటే 4. ఇలా గ్రామఫోన్ లిమిటెడ్ అనే పేరులోని పది అక్షరాలను పది అంకెలకు వాడుకున్నారు. ఆ ప్రతిని ఎన్నో అచ్చుదిమ్మతో తీశారో దాన్నిబట్టి తెలుస్తుంది. మొదటి అచ్చుల కోసం వేలంలో పోటీపడేవారికి ఈ సంకేతం కంఠతా వచ్చు. ఆ శ్రద్ధంటే నాకు గౌరవమే. అయితే విప్పకుండా, వినకుండా బీరువాలో దాచి ధర పెరిగేదాకా ఎదురుచూడటం సంగీతానికి ఏమాత్రం పనికిరాదు. అలాంటి అంకెలే ఎల్పీలకు ముందు కాలపు 78 రికార్డుల మీద ఇంతకన్నా పెద్ద పని చేస్తాయి. అక్కడి మాతృక సంఖ్యను, అంటే ఒక్కో రికార్డింగుకు కంపెనీ వేసిన అంకెను, పట్టుకుని ఆనాటి కంపెనీ దస్త్రాల ఆధారంగా తయారైన జాబితాలు చూస్తే రికార్డు చేసిన తేదీ, ఊరు, అది ఎన్నో ప్రయత్నమో చాలావరకు దొరుకుతాయి. లేబులు చిరిగినా, అట్ట పోయినా ఆ అంకె రికార్డును వదలదు.

తేదీ తెలియకపోతే సంగీతమే మారిపోతుందని చెబితే కొందరు నమ్మరు. 78 రికార్డులని మనం పిలుచుకునేవన్నీ నిమిషానికి 78 చుట్లు తిరగవు. తొలినాళ్లలో వేగానికి ప్రమాణం లేదు. డెబ్బై దగ్గర నుంచి ఎనభై దాకా, కొన్ని ఇంకా పైన, ఏ కంపెనీ ఏ ఏడాది ఎలా తిప్పితే అలా ఉండేవి. వేగం ఆరు శాతం మారితే శ్రుతి అర స్వరం మారుతుంది. అంటే నిమిషానికి నాలుగైదు చుట్లు తేడా వస్తే చాలు, మగ గొంతు సన్నబడిపోతుంది, పాట పరుగెడుతుంది. 1902 ఏప్రిల్ 11న మిలాన్‌లోని గ్రాండ్ హోటల్ గదిలో గ్రామఫోన్ కంపెనీకి రికార్డులు చేసే ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు యువ ఒపేరా గాయకుడు ఎన్రికో కరూసో పియానో తోడుగా పది పాటలు పాడారు. వంద పౌండ్లు అడిగారట. అంత డబ్బు ఇవ్వొద్దని లండన్ నుంచి తంతి వచ్చినా గైస్‌బర్గ్ లెక్కచేయలేదంటారు. ఆ పాటలను కళ్లు మూసుకుని 78 వేగంతో తిప్పితే వినిపించేది కరూసో గొంతు కాదు. ఏ ఏడాది, ఏ ఊరి రికార్డో తెలిసినవారు స్వరలిపితో సరిచూసుకుంటూ వేగం తేలుస్తారు. గాయకులు కొన్నిసార్లు తమ వీలుకోసం పాటను అర స్వరం దించుకునేవారు కాబట్టి అప్పటికీ అనుమానం మిగులుతుంది. ఇంత ఓపికగా పనిచేసిన వార్డ్ మార్స్టన్, మార్క్ ఓబర్ట్-థార్న్ వంటివారి పేర్లు కూడా మన జాబితాలోకి ఎక్కాలి. పాత రికార్డుకు వారు చేసిన కొత్త ప్రతి, గరగరనంతా తుడిచేసే ప్రతి ఒకటి కావు. గరగరతోపాటు గొంతులోని గాలి, వయొలిన్ తీగ మీది రాపిడి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఆ నున్నటి ప్రతుల కన్నా గరగరే నాకు నయం.

వివరాలు అబద్ధమైతే ఏమవుతుందో 2007లో ప్రపంచమంతా చూసింది. జాయిస్ హాటో అనే ఆంగ్ల పియానో కళాకారిణి పేరుతో ఆమె భర్త నడిపే సంస్థ నుంచి వందకు పైగా సీడీలు వచ్చాయి. జబ్బుతో వేదికకు దూరమైన మనిషి ఇంత గొప్పగా ఇన్ని రకాల సంగీతం వాయించిందా అని విమర్శకులు ఆకాశానికెత్తారు. ఒక శ్రోత ఆమె పేరుతో వచ్చిన, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ పియానో కృతుల (ఎట్యూడ్ల) సీడీని కంప్యూటర్లో పెట్టగానే అది లాస్లో సిమోన్ అనే మరో కళాకారుని పేరు చూపించింది. పాటల నిడివిని పోల్చి సీడీని గుర్తుపట్టే ఏర్పాటు అది. తరువాత శబ్ద తరంగాలనే పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదాని తరువాత ఒకటి, ఇతరుల రికార్డింగులని తేలింది. భర్త ఒప్పుకున్నారు. నన్ను ఎక్కువగా బాధించేది ఆ అసలు కళాకారుల సంగతి. తమ పేరుతో వచ్చినప్పుడు వారిలో చాలామంది వాయిద్యాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు అని విమర్శకులు మొదటి సీడీ దగ్గరే పట్టుబట్టి ఉంటే ఈ మోసం అంతకాలం సాగేది కాదు.

మోసం లేనిచోట కూడా చిక్కులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ ఒపేరా ఉత్సవాలు తిరిగి మొదలైన సందర్భంలో 1951 జూలై 29న విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్ బేతోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించారు. ఆయన పోయాక ఈఎంఐ విడుదల చేసిన రికార్డును అర్ధశతాబ్దం పాటు ఆ రాత్రి కచేరీ అనే అందరూ విన్నారు. 2007లో బవేరియా రేడియో భాండారంలోని టేపు బయటికొచ్చింది. రెండూ అచ్చంగా ఒకటి కావు. ఏది కచేరీ, ఏది సాధన నుంచి తెచ్చి అతికినది అని వాదాలు చెలరేగాయి. 2021లో స్వీడిష్ రేడియో ప్రసారం నాటి టేపు కూడా విడుదలైంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని వినడం నాకు తెలిసిన గొప్ప ఆనందాల్లో ఒకటి. రేడియో టేపుల్లో వాయిద్యం ఆగి మళ్లీ ఊపిరి తీసుకునే చోట్ల శ్రద్ధగా విన్నవారికి, పేరొక్కటే రాసి ఊరుకునే జాబితా ఎందుకు చాలదో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

స్టూడియో రికార్డింగులకు ఒక రోజంటూ ఏముంటుందని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. జార్జ్ షోల్టి సారథ్యంలో డెక్కా సంస్థ వాగ్నర్ ‘రింగ్’ నాలుగు ఒపేరాలను వియన్నాలోని సోఫియెన్‌జాల్‌లో 1958 నుంచి 1965 వరకు రికార్డు చేసింది. రంగస్థలం మీద సాధ్యంకాని ధ్వనిని చెవికి చూపించాలన్నది నిర్మాత జాన్ కల్షా ఆశయం. 1952లో ఫుర్ట్‌వెంగ్లర్ వాగ్నర్ ఒపేరా ‘ట్రిస్టన్’ రికార్డు చేసినప్పుడు గాయని కిర్స్‌టెన్ ఫ్లాగ్‌స్టాడ్‌కు అందని తారస్థాయి స్వరాలను ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ పాడారు. ముక్కలు అతికిన చోటే వివరం మరీ ముఖ్యం. ఎవరి గొంతు ఏదో రాసి ఉంచకపోతే రాబోయే తరం అందులో లేని ఫ్లాగ్‌స్టాడ్‌ను మెచ్చుకుంటుంది. పియానో కళాకారుడు గ్లెన్ గూల్డ్ బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశారు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51 నిమిషాలు. ఏడాది చెప్పకుండా గూల్డ్ గోల్డ్‌బర్గ్ మా ఇంట్లో ఉంది అంటే ఏమీ చెప్పనట్టే.

అట్టలు, పుస్తకాలు పారేయకండి. చోటు మిగులుతుందని సీడీలను మాత్రం సంచుల్లో దాచుకుని, ఒపేరా సాహిత్యం, తారాగణం, రికార్డింగు వివరాలున్న పుస్తకాన్ని చెత్తలో వేసేవారిని చూస్తే నాకు కడుపు మండుతుంది. వాగ్నర్, జానాచెక్ ఒపేరాలను సాహిత్యం చేతిలో లేకుండా వినడం సగం చీకట్లో కూర్చోవడమే. డిజిటల్ ప్రతి చేసుకునేటప్పుడు ఆ పుటలనూ స్కాన్ చేసి, ఫైలు పేరులోనే రికార్డు చేసిన తేదీ పెట్టుకోండి. విడుదల తేదీ వేరే గడిలో ఉండనివ్వండి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

చట్టం కూడా తేదీల మీదే నడుస్తుంది. అమెరికాలో 2018 నాటి సంగీత చట్టం ప్రకారం 1923 నుంచి 1946 వరకు విడుదలైన రికార్డింగులకు నూరేళ్ల రక్షణ. మైక్రోఫోనుతో విద్యుత్ రికార్డింగు మార్కెట్లోకి వచ్చిన 1925 నాటివి 2026 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. విద్యుత్ రికార్డింగు రాకముందు గాయకులు, వాద్యకారులు ఒక పెద్ద బాకా ముందు కిక్కిరిసి నిలబడాల్సి వచ్చేది. డబుల్ బాస్ శబ్దం అందక ట్యూబా పెట్టుకునేవారు. ఇకపై ప్రతి జనవరికి ఒక ఏడాది రికార్డులు అక్కడ ధారాళంగా పంచుకునే వీలు వస్తుంది. మీ దగ్గరున్న రికార్డు ఏ ఏడాది విడుదలైందో తెలిస్తేనే ఆ వీలు మీకు అందుతుంది.

చివరగా, మన తరువాత ఈ రికార్డులు ఎవరివి? ఈ పత్రిక చదివేవారిలో పెద్ద సేకరణలున్నవారు కొందరైనా ఉంటారు. పిల్లలకు ఆసక్తి ఉండకపోవచ్చు, అది వారి తప్పేమీ కాదు. లైబ్రరీలూ విశ్వవిద్యాలయాలూ జాబితా లేని పెట్టెలు తీసుకోవడానికి వెనుకాడతాయి, ఎందుకంటే వాటిని విప్పి రాసుకోవడానికి వారి దగ్గర మనుషులు ఉండరు. కాబట్టి ఆరోగ్యం, ఓపిక ఉన్నప్పుడే రాయడం మొదలుపెట్టాలి. రోజుకు నాలుగు రికార్డులు చాలు. కృతి, కళాకారులు, చోటు, తేదీ, మాతృక సంఖ్య, రికార్డు పరిస్థితి. రాసేముందు ప్రతిదాన్నీ ఒకసారి వినండి. అట్టలో మరో రికార్డు ఉన్న సంగతి అప్పుడే బయటపడుతుంది.