తేదీ చదవని పెద్దాయన

రేడియోధార్మికతను కొలిచే గామా డిటెక్టర్ నిజం చెబుతోందో లేదో తేల్చేది ఓ సీసాడు మట్టి. రిఫరెన్స్ మట్టి అంటారు. అది పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎండబెడతారు, పిండిలా నూరుతారు, జల్లెడ పడతారు, బాగా కలిపి సీసాల్లో నింపుతారు. ఏ సీసా విప్పినా ఒకే మట్టి ఉందా అని మళ్లీ కొలుస్తారు. క్రిములు చావడానికి కోబాల్ట్-60 ఎదుట పెట్టి గామా కిరణాల స్నానం చేయించడమూ ఉంది. కంగారొద్దు, దానివల్ల మట్టికి కొత్తగా రేడియోధార్మికత అంటదు. ఆఖరికి ఎన్నో ల్యాబులు విడివిడిగా కొలిచాక సర్టిఫికెట్ మీద ఓ అంకె, ఓ తేదీ వేస్తారు.

ఇంతా చేస్తే మన ల్యాబ్ పెద్దాయన ఆ తేదీ చదవరు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారి ఐఏఈఏ-375 తీసుకోండి. చెర్నోబిల్ బూడిద పడ్డ రష్యా బ్ర్యాన్స్క్ ప్రాంతపు మట్టి. అందులో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం కిలోకు 5280 బెక్వెరెల్, అంటే సెకనుకు అన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతాయని లెక్క. తేదీ 1991 డిసెంబర్ 31. ముప్పై ఏళ్లకు సగమైపోయే సరుకది. 2022 వచ్చేసరికి మిగిలింది 2640 దరిదాపుల్లో.

డిటెక్టర్ పాపం ఉన్నదే చూపించింది. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "మెషీన్ తక్కువ చూపిస్తోంది" అని తేల్చి, ఎఫిషియెన్సీని, అంటే వెలువడే కిరణాల్లో మెషీన్ ఎన్నింటిని పట్టుకుంటుందో చెప్పే అంకెను, సగానికి దించారు. ఫలితాన్ని భాగించేది ఆ అంకెతోనే. మళ్లీ కొలిస్తే అచ్చంగా 5280! చప్పట్లు.

ఇక అదే మట్టిలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం-40. సర్టిఫికెట్లో 424. అది సగం కావడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది కనుక, నిన్నటిదాకా సరిగ్గానే కనిపించింది. ఇవాళ 848! "ఎవరో ఎరువు కలిపారు" అన్నారు. 463 ఉండాల్సిన సీజియం-134 అసలు లేనే లేదు. రెండేళ్లకోసారి సగమయ్యేది ఇంకెక్కడుంటుంది? "మూత వదులుగా పెట్టారు, ఆవిరైపోయింది" అని స్టోర్‌కీపర్‌కి మెమో ఇచ్చారు.

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు. ఆ రోజు నుంచి అదే డిటెక్టర్ కింద ప్రతి రైతు మట్టీ ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. పరిమితి దాటని పొలానికి కూడా "పంట అమ్మొద్దు" అని నోటీసు వెళ్తుంది. ఆ మనిషి ఏ డిటెక్టర్ పట్టుకొచ్చి ఎదురు చెప్పాలి? రిపోర్టు మీద ముద్ర ఉందిగా! సిగ్గుండాలి. ఒక్క తేదీ, ఒక్క తీసివేత, ఒక్క కాలిక్యులేటర్. దానికి కూడా బద్ధకమేనా?

స్టోర్‌కీపర్ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. సీసాకి కొత్త మూత వచ్చింది.