నీళ్లకు జబ్బు చేస్తే మేతలో మందు కలుపుతున్నాం

నిన్న పరకాల వైపు నుంచి ఒక యువరైతు మా చెరువు దగ్గరికి వచ్చాడు. రెండేళ్ల క్రితం ఎకరంన్నర పొలంలో చెరువు తవ్వించి బొచ్చె, రోహు, బంగారుతీగ పిల్లలు వదిలాడు. ఇప్పుడు చేపలు ఎదగడం లేదు, రోజూ పదీ పదిహేను చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. సంచిలోంచి సీసాలు తీసి నా మంచం మీద వరుసగా పేర్చాడు. కాలేయానికి టానిక్ ఒకటి, పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా పొడి ఒకటి, ఖనిజ లవణాలు, విటమిన్ సి, రోగనిరోధక శక్తికి ఒకటి, ఎదుగుదలకు ఒకటి, అమ్మోనియాను పీల్చేస్తుందని ఇంకొకటి. మొత్తం ఏడు.

"అన్నా, వీటిలో ఏది తప్పుగా వాడుతున్నానో చెప్పండి" అన్నాడు.

"నీళ్ల పీహెచ్ ఎంత ఉంది తమ్ముడూ?" అని అడిగాను, అంటే నీళ్లు ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె. తెలియదన్నాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉంటోంది? ఎప్పుడూ చూడలేదట. చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? "పైన పత్తి చేలు, ఆ పైన మిరప తోటలు. వాటి మీదుగా వచ్చే కాలువే."

అతని మీద నాకు కోపం రాలేదు. నీళ్ల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఏడు సీసాలు చేతిలో పెట్టి పంపిన వాళ్ల మీద వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు చేపలు పెంచే వాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి చివరిదాకా చదవండి.

మేతలో పోషకాలు కలపడాన్ని నేను కాదనడం లేదు. చేప తన ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు, మనిషి లాగే. మేతలో అది లేకపోతే వెన్నెముక వంకరపోతుంది, గాయం మానదు. తవుడు, పల్లి చెక్క మాత్రమే తిన్న చేపకు భాస్వరం సరిగా అందదు, ఎందుకంటే గింజల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం చేప అరిగించుకోలేని రూపంలో ఉంటుంది. ఇలాంటి లోటు పూడ్చడానికి మేతలో ఏదైనా కలిపితే అది న్యాయమైన ఖర్చే. కానీ మా ప్రాంతంలో ఇప్పుడు జరుగుతున్నది లోటు పూడ్చడం కాదు. పాడైన నీళ్లను అలాగే ఉంచి, ఆ నీళ్లలో బతకమని చేప నోట్లో మందు పోస్తున్నాం.

నా సంగతి చెబుతాను. మాది నర్సంపేట దగ్గర ఊరు. నాకు 2 ఎకరాల చెరువు ఉంది. కొన్నేళ్ల క్రితం శ్రావణంలో ఒక మధ్యాహ్నం గట్టి వాన కురిసి పైనుంచి వరద వచ్చింది. సాయంత్రం నాలుగింటికల్లా చేపలు పిచ్చెత్తినట్టు గుండ్రంగా తిరగడం, ఎగిరి పడడం, పక్కకు ఒరిగిపోవడం మొదలైంది. ముందుగా పోయినవి వేలెడంత పిల్లలు. తర్వాత పెద్దవి. చీకటి పడేసరికి కప్పలు, చిన్న రొయ్యలు, నీటి పురుగులు కూడా తేలాయి. మర్నాడు మందుల దుకాణానికి పరుగెత్తితే "ఆక్సిజన్ పడిపోయింది సార్, చేపలు బలహీనంగా ఉన్నాయి, మేతలో ఇది కలపండి" అని ఒక డబ్బా ఇచ్చారు. డబ్బు కట్టాను. వాడాను. మిగిలిన చేపలు కూడా పోయాయి.

ఆక్సిజన్ పడిపోతే చేపలు చచ్చే తీరు వేరని తర్వాత తెలిసింది. ఆ చావు తెల్లవారుజామున వస్తుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కనుక సూర్యోదయానికి ముందు అది అట్టడుక్కి చేరుతుంది. చేపలు నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్నవి కొంచెం తట్టుకుంటాయి. మా చెరువులో జరిగింది పూర్తిగా తలకిందులు. పట్టపగలు, చిన్నవి ముందు, పురుగులతో సహా. నీళ్లు మాత్రం ఆకుపచ్చగా మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే పురుగు మందు నాచును ముట్టదు. అంటే చేపలను చంపింది విషం. పైన పత్తికి ముందు రోజు మందు కొట్టారు. ఈ తేడా తెలియని చేపల రైతు ఒక్కడు కూడా ఉండకూడదని నా కోరిక.

ఎంత విషం కావాలి? ఒక లెక్క చేసి చూశాను. 2 ఎకరాల చెరువులో 5 అడుగుల నీళ్లుంటే అవి సుమారు 1 కోటి 23 లక్షల లీటర్లు. పత్తి రైతు ఇంట్లో ఉండే సైపర్‌మెత్రిన్ 25 శాతం మందు పావు లీటరు సీసా తీసుకోండి. అందులో అసలు విషం 62 గ్రాములకు కొంచెం పైన. అదంతా ఆ చెరువులో కలిస్తే లీటరు నీటికి 5 మైక్రోగ్రాములు అవుతుంది. గ్రామును పది లక్షల ముక్కలు చేస్తే అందులో అయిదు ముక్కలు. చాలా చేప జాతులను ఈ రకం మందు చంపడానికి లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు. వేడి రక్తం గల జంతువుల కాలేయం దీన్ని త్వరగా విరగ్గొట్టి బయటికి పంపుతుంది. చేప కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. సీసా మొత్తం వచ్చి చెరువులో పడదు, నిజమే. చాలా భాగం మట్టికి, బురదకు అంటుకుంటుంది. కానీ పైన ఉన్నది ఒక్క చేను కాదు, ఒక్కసారి కొట్టే మందు కాదు. పైగా చేప పేను పడితే చెరువులో కలపమని ఇదే మందు మనకే అమ్ముతున్నారు. కొలత తప్పితే పేనుతో పాటు చేప కూడా పోతుంది.

చచ్చిన చేప కనీసం కనిపిస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది చావకుండా మిగిలేవి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ రకం పురుగు మందులు నరాల మధ్య సంకేతాన్ని ఆపే ఎంజైమును దెబ్బ తీస్తాయి. మోతాదు తక్కువైతే చేప చావదు, కానీ మేత దగ్గరికి సరిగా రాదు, వల వచ్చినా చురుకుగా తప్పుకోదు, కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని వెన్నుపూస విరగవచ్చు కూడా. అంటే వెన్ను వంకరకు విటమిన్ లోపం ఒక్కటే కారణం కాదు. చెడ్డ నీళ్లలో ఉన్న చేప ఒంట్లోని విటమిన్ సి కూడా విషాన్ని ఎదుర్కోవడంలోనే ఖర్చయిపోతుంది. మేతలో సరిపడా వేసినా ఎముకకు చాలినంత చేరకపోవచ్చు. మేత, కాలుష్యం రెండూ ఒకే కాలేయం మీద, ఒకే రక్తం మీద పనిచేస్తున్నప్పుడు వాటిని రెండు వేర్వేరు దుకాణాల సంగతులుగా ఎలా చూస్తాం?

దుకాణాల వాళ్లు కొన్నిసార్లు పరిశోధనలు చూపిస్తారు. మేతలో విటమిన్ సి, విటమిన్ ఇ, స్పిరులినా అనే నాచు పొడి కలిపితే పురుగు మందు వల్ల కాలేయానికి జరిగే నష్టం తగ్గిందని చెప్పే ప్రయోగాలు నిజంగానే ఉన్నాయి. వాటిని నేను నమ్ముతాను. కానీ ఆ ప్రయోగాలు తొట్లలో జరుగుతాయి. శుభ్రమైన నీళ్లు, ఒకే ఒక విషం, కొలిచిన మోతాదు, లెక్కపెట్టిన రోజులు. నా చెరువులోకి వచ్చేది పత్తి మందు, మిరప మందు, వరి గడ్డి మందు, యూరియా, ఊరి మురుగు అన్నీ కలిసిన వరద. ఎంత వస్తోందో ఎవరూ కొలవరు. తొట్టిలో గాయాన్ని కొంత తగ్గించిన పొడిని చెరువుకు కవచంగా అమ్మడం మోసం. ఈ మాట నేను మెత్తగా అనలేను.

మేతే విషమయ్యే సంగతి ఇంకొకటి. వానాకాలంలో పల్లి చెక్క బస్తాలు తడి నేల మీద పెడతాం, పైన పట్టా కప్పుతాం. లోపల ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960 ప్రాంతంలో ఇంగ్లండులో బూజు పట్టిన పల్లి పిండి తిని లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే ఈ విషం బయటపడింది. అదే కాలంలో అమెరికా చేపల కేంద్రాల్లో ట్రౌట్ చేపలకు కాలేయంలో గడ్డలు కనిపించాయి, కారణం మేతలోని పత్తి గింజల పిండి. మన రోహు, బొచ్చె ట్రౌట్ అంత సున్నితం కావు, కానీ కాలేయం దెబ్బ తినక మానదు. చాలామంది బూజు దులిపి, ఎండబెట్టి వేస్తారు. ఎండకు బూజు చస్తుంది, విషం పూర్తిగా పోదు. మామూలు వేడికీ పోదు. ఇలాంటి బస్తా వేసి, పైన కాలేయం టానిక్ కలిపిన వాళ్లను నేను చూశాను. ఆ టానిక్ డబ్బుతో బస్తాల కింద చెక్క బల్లలు వేయించుకోవచ్చు.

యాంటీబయాటిక్‌ల గురించి మాట్లాడక తప్పదు. జబ్బు చేసిన చేప మొదట మానేసేది మేత తినడం. అంటే మందు కలిపిన మేత తినేవి ఆరోగ్యంగా ఉన్న చేపలు, మిగిలినదంతా బురదలోకి. అక్కడి బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడి మొండికెత్తుతుంది. తర్వాత ఒంటి మీద ఎర్ర మచ్చలు, పొట్ట ఉబ్బు నిజంగా వచ్చిన రోజున ఏ మందూ పనిచేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ రకాలు ఆహారంగా పెంచే చేపలకు వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది. పేరు లేని పొట్లాల్లో ఏముందో మీకు చూపించని వాళ్ల దగ్గర కొనకండి. ఆ చేప మన పిల్లలే తింటారు.

కోళ్ల వ్యర్థాలు తెచ్చి పంగస్, క్యాట్‌ఫిష్ చెరువుల్లో పడేసే వాళ్ల గురించి ఒక్క మాట చాలు: మానేయండి.

అమ్మోనియా గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన చేతుల్లోనే ఉంది. మేతలోని నత్రజనిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే చేప ఒంట్లో నిలుస్తుంది. తక్కినది నీళ్లలోకే, ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా. పైనుంచి యూరియా నీళ్లు వస్తే దానికి తోడు. నీళ్ల ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 అయితే ఆ అమ్మోనియాలో విషపూరితమైన భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడు వంతులు. 9 అయితే నలభై దాటుతుంది. నాచు ముదిరిన చెరువులో ఎండాకాలం మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే. ఆకలి పెంచే పొడి కలిపి, రెట్టింపు మేత వేసి, మధ్యాహ్నం మూడింటికి చేపలు మందగించాయని ఇంకో సీసా కొంటాం. రెండు రోజులు మేత తగ్గించి, కొంత నీళ్లు మార్చితే తేరుకునే చేపలకు అది. అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ పెరిగి మొప్పలు గోధుమ రంగుకు తిరిగితే మామూలు ఉప్పు పనిచేస్తుంది. ఇవి దుకాణంలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే వీటిలో వాళ్లకు మిగిలేదేమీ లేదు.

ఇదంతా సొంత చెరువు ఉన్న మా లాంటి వాళ్ల కథ. ఊరి చెరువుల మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర సంఘాల వాళ్ల పరిస్థితి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 2016 నుంచి ప్రభుత్వం చేప పిల్లలు ఉచితంగా ఇస్తోంది. వానలకు చెరువు నిండాక వదులుతారు, ఎండాకాలంలో నీళ్లు తగ్గాక వల వేస్తారు. వాళ్లు మేతా వేయరు, మందూ వేయరు. చెరువు ఏది ఇస్తే అది. కాకతీయుల నాటి నుంచి మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని మత్తడి దూకితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. నీళ్ల కోసం పెద్దలు కట్టిన ఆ గొలుసు వెంబడే ఇప్పుడు విషమూ దిగుతోంది. పట్టణాల కింద చెరువుల్లోకి మురుగు, బాయిల్డ్ రైస్ మిల్లుల దగ్గర వడ్లు నానబెట్టిన నీళ్లు, కరీంనగర్ వైపు గ్రానైట్ కోసిన బురద. ఆ సన్నని రాతి పొడి మొప్పల్లో పేరుకుంటే చేపకు ఊపిరాడదు. వినాయక చవితికి రసాయన రంగుల విగ్రహాలు. బతుకమ్మ పూలు చెరువుకు చేసే చెరుపేమీ లేదు. రంగుల్లోని సీసం, క్రోమియం అలా కాదు. అవి బురదలో చేరి, అక్కడి పురుగుల్లోంచి చేప కాలేయంలోకి, మూత్రపిండాల్లోకి చేరతాయి. మిషన్ కాకతీయలో పూడిక తీశాం, మంచి పనే. పూడికతో పాటు నీళ్ల పరీక్ష ఎందుకు పెట్టలేదని నేను ఇప్పటికీ అడుగుతున్నాను. చేప పిల్లలు వదిలే ముందు ఒక్కసారి, ఫిబ్రవరిలో నీళ్లు తగ్గేటప్పుడు ఇంకొకసారి ప్రతి చెరువు నీళ్లూ పరీక్షించి ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయాలి. చచ్చిన చేప పిల్లల బదులు మళ్లీ చేప పిల్లలు ఇవ్వడం కంటే దీనికి ఖర్చు తక్కువ.

పత్తి రైతును దొంగలా చూడమని నేను అనడం లేదు. అతనికీ అప్పు ఉంది, గులాబీ పురుగు ఉంది, వానకు ముందే మందు కొట్టకపోతే పంట పోతుందన్న భయం ఉంది. ఆ శ్రావణంలో నేను పైన చేను ఉన్న అన్న దగ్గరికి కొట్లాటకే వెళ్లాను. చచ్చిన చేపలు బస్తాలో వేసి తీసుకుపోయాను. ఆయన బస్తా విప్పి చూసి చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలియదు తమ్ముడూ" అన్నాడు చివరికి. అది నిజం. ఆయనకూ ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత మేం ఇద్దరం చేనుకూ కాలువకూ మధ్య పది అడుగుల వెడల్పున గడ్డి పెంచాం. డబ్బాలు కాలువలో కడగడం ఆయన మానేశాడు. నేను పీహెచ్, అమ్మోనియా చూసే కిట్ కొన్నాను, అది ఆ యువరైతు మంచం మీద పేర్చిన సీసాల్లో రెండిటి ఖరీదు కూడా కాదు. దాన్నే నిన్న అతని చేతికిచ్చి పంపాను, వారం తర్వాత తెచ్చివ్వమన్నాను. పత్తికి మందు కొట్టే ముందు రోజు సాయంత్రం అన్న నాకు ఫోను చేస్తాడు. నేను వెళ్లి తూము మూసి వస్తాను.