సిమెంటు పుట్టే చోటే ఆ చదువూ ఉండాలి

గడ్‌చాందూర్ దారిలో ఒక్కసారి బస్సెక్కినవారికైనా మహారాష్ట్రలోని మన చంద్రపూర్ సిమెంటు జిల్లా అని తెలుస్తుంది. అవార్‌పూర్, ఉప్పర్‌వాహీ, ఘుగ్గుస్... ఊరి పేరు చెబితే ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. నేలలో సున్నపురాయి, పక్కనే బొగ్గు గనులు. సిమెంటులో కలిపే బూడిదకు 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం ఉంది. ఇసుకకు వార్ధా, ప్రాణహిత ఉన్నాయి. బల్లార్షా, రాజురా, సిరోంచల్లో మన తెలుగువాళ్లు ఎందరో గనికో, ఫ్యాక్టరీకో, సెంట్రింగ్ పనికో పోయి ఇల్లు నడుపుకుంటున్నారు. అయినా కాంక్రీటు పనిని నడిపే చదువు కావాలంటే మన పిల్లలు పెట్టె సర్దుకుని పూణేకో హైదరాబాద్‌కో పోవాల్సిందే.

కాంక్రీటుకు డిగ్రీ ఏమిటి, మేస్త్రీకి తెలియనిదా అని అడుగుతారు. మొన్నటి ఎండల్లో రాజురాలో మేము చూసిన ఒక స్లాబు సంగతి చెబుతాం. పొద్దున తొమ్మిదికే కంకర ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. మాలు గట్టిగా వస్తోందని పైనుంచి ఒకరు కేకేశారు. మాలు కలిపే మిల్లర్ దగ్గరున్న కుర్రాడు ఇంకో బకెట్ నీళ్లు కుమ్మరించాడు. మాలు జారుగా వచ్చింది, పార సులువుగా ఆడింది, అందరికీ కాస్త ఊపిరాడింది. ఆ కుర్రాడిని ఏమంటాం? నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని, మామూలు ఇంటి స్లాబుకైనా 50 కిలోల సిమెంటు బస్తాకు 27.5 లీటర్ల నీళ్లు దాటకూడదని, ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోకే వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సూపర్‌వైజర్‌కూ ఎవరూ నేర్పలేదు.

ఆ ఇంటివాళ్లు వారం రోజులు గోనెసంచులు పరిచి నీళ్లు కొట్టారు. తర్వాత ఆపేశారు. ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వాడుతున్నది పీపీసీ అనే బూడిద కలిపిన సిమెంటు. అందులో 15 నుంచి 35 శాతం బూడిద ఉంటుంది, బలం నిదానంగా వస్తుంది. ఇలాంటి పొడి ఎండల్లో దానికి కనీసం 14 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 సూచిస్తోంది. ఒక కుటుంబం కూడబెట్టిందంతా పోసిన స్లాబు అది. దాన్ని సగం రోజుల తడితోనే సరిపెట్టడం మాకు బాధ కలిగించింది.

అమెరికాలో ఈ కొరతను పరిశ్రమే ముందుగా గుర్తించింది. దాని చొరవతోనే 1996లో మిడిల్ టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ కాంక్రీట్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ అనే డిగ్రీ మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని విశ్వవిద్యాలయాలు అదే బాట పట్టాయి. అక్కడ విద్యార్థి మాలు పాళ్లు, కాంక్రీటు బలం చూసే క్యూబు పరీక్షలతో పాటు పద్దులు, కాంట్రాక్టులు, అమ్మకాలు కూడా చదువుతాడు. ప్లాంటులో కలిపి పంపే రెడీమిక్స్ మాలును లారీ నింపిన 2 గంటల్లో దింపాలి. రోడ్డు మీద ఆగిపోతే ఆ మాలు ఎవరి ఖాతాలో పడుతుంది, వెనక్కి పంపే ధైర్యం ఎవరికి ఉండాలి? ఇది సివిల్ ఇంజనీరింగ్‌లో ఒకటి రెండు సబ్జెక్టులతో పట్టుబడే విద్య కాదు. మన దేశంలో నిర్మాణ నిర్వహణకు 1983 నుంచి నిక్మార్ అనే విద్యాసంస్థ ఉంది. కానీ అక్కడి ఫీజు లక్షల్లో ఉంటుంది. సెంట్రింగ్ కూలీ బిడ్డ ఆ గేటు దాకా పోలేడు.

2023 అక్టోబర్‌లో సిరోంచ తాలూకాకు ఎదురుగా గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. ప్రణాళిక, డిజైన్‌తో పాటు నాణ్యత నియంత్రణలో, నిర్వహణలో కూడా లోపాలున్నాయని కేంద్రం పంపిన నిపుణుల కమిటీ చెప్పింది. ఆ చివరి రెండు మాటలను మన ప్రాంతం మరిచిపోకూడదు.

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కోసమే 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయం ఏర్పడింది. కాంక్రీటు పరిశ్రమ నిర్వహణలో డిగ్రీని అది తలకెత్తుకోవాలి. సిమెంటు కంపెనీలు తమ ల్యాబుల తలుపులు విద్యార్థులకు తెరవాలి. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవారికి నేరుగా రెండో ఏడాదిలో సీటివ్వాలి. పని మానుకోలేని సూపర్‌వైజర్లకు సాయంత్రం తరగతులు పెట్టాలి, మేస్త్రీల కోసం మరాఠీలో, తెలుగులో చిన్న కోర్సులు నడపాలి. వీటిలో మేస్త్రీల కోర్సుకు కావలసిందల్లా మాలు జారుడు కొలిచే ఒక స్లంప్ కోను, ఒక తూకం, నాలుగు క్యూబు అచ్చులు, నేర్పే ఒక మనిషి. దాన్ని వచ్చే ఎండాకాలం స్లాబుల పని మొదలయ్యేలోపే రాజురాలో ప్రారంభించాలని విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాం.